చేతి వేడి

టోక్యోలో ఎనిమిది కుర్చీలున్న ఒక చిన్న సుషి దుకాణంలోకి వెళ్ళగానే నా కళ్ళు వంటాయన కోసం వెతికాయి. చెక్కబల్ల వెనక కత్తి తుడుచుకుంటున్న స్త్రీని చూసి వడ్డించే ఆవిడ అనుకున్నాను. ఆవిడే అక్కడి షెఫ్. ఇన్నేళ్ళుగా స్త్రీల శ్రమ గురించి రాస్తున్న నేను కూడా మగవాడినే వెతికానని సిగ్గేసింది.

అక్కడ మెనూ ఉండదు. 'ఒమకాసే' అంటే 'మీకే వదిలేస్తున్నాను' అని. ఏ చేప ఏ వరసలో పెట్టాలో షెఫ్ ఇష్టం. పెద్ద పేరున్న దుకాణం కాదు, పైగా మధ్యాహ్నం పూట, కాబట్టి ధర నాలాంటి వాళ్ళకీ అందింది. ఆవిడ అన్నం ముద్ద మీద చేపముక్క అదిమి ముందు పెట్టింది. చేత్తోనే తిన్నాను.

ఇంత మర్యాదగా తినే ఈ సుషి ఒకప్పుడు బజారు తిండి. నేటి టోక్యో 'ఎదో'గా ఉన్న రోజుల్లో, 1820ల ప్రాంతంలో, బళ్ళ దగ్గర నిలబడి తినిపోయేవారు. చరిత్ర ఆ ఘనతని హనాయా యోహేకి ఇచ్చింది. మరి స్త్రీలు? 1844 ప్రాంతంలో కునియోషి వేసిన చిత్రంలో సుషి పళ్ళెం పట్టుకున్న స్త్రీ ఉంది, చెయ్యి చాచే పిల్లవాడు ఉన్నాడు. మార్చి 3న ఆడపిల్లల పండుగకి ఇళ్ళల్లో చిరాషి సుషి కలిపిన తల్లులున్నారు. వాళ్ళ పనికి బిరుదుల్లేవు.

దుకాణంలో మాత్రం ఆడవాళ్ళ చేతులు వేడి, చేప పాడవుతుందన్నారు. బహిష్టు వల్ల స్త్రీల రుచి నిలకడగా ఉండదని ఒక ప్రసిద్ధ సుషి షెఫ్ కొడుకు 2011లో వాల్ స్ట్రీట్ జర్నల్‌తో అన్నాడు. అంతకు ముందు ఏడాదే, 2010లో, అకిహబారాలో స్త్రీలే సుషి చేసే 'నదేషికో' దుకాణం మొదలైంది.

నిజానికి సుషి అన్నం మనిషి ఒంటి వేడితో ఉండాలన్నది ఆ వృత్తిలో అందరూ చెప్పే మాట. ముద్ద చేసే ముందు వెనిగర్ నీళ్ళతో చేతులు తడుపుకోవడం మగవాళ్ళూ చేసేదే. ఇక అడ్డొచ్చిన వేడి ఏది?

ఈ మాటలు నాకు కొత్త కాదు. మా అమ్మ నెలకి మూడు రోజులు పెరట్లో కూచునేది. ఆ రోజుల్లో ముట్టుకుంటే ఆవకాయ బూజు పడుతుందనేవారు. మిగతా రోజులన్నీ ఆ జాడీ ఆమెదే. అయినా గొప్ప వంటకి మనం పెట్టుకున్న పేరు నలభీమపాకం.

"ఇవాళ ఏం వండమంటారు?" అని అమ్మ రోజూ అడిగేది. "ఏదో ఒకటి చెయ్యి" అనేవాడు నాన్న. అదీ ఒమకాసేనే. కాకపోతే టోక్యోలో ఆ మాట అన్నందుకు నేను డబ్బిచ్చాను, లేచి నిలబడి దండం పెట్టాను. అమ్మకి ఆ రెండూ ఎవరూ ఇవ్వలేదు. నేనూ ఇవ్వలేదు.