పెద్దమనుషుల మాట – 12(3) సంతకం

నేను చరిత్రకారుణ్ణి కాను. గోదావరిఖనిలో గుమాస్తాగా పనిచేసి, ఎన్నో ఒప్పందాల కాగితాలు టైపు చేసినవాణ్ణి. ఆ అనుభవంతోనే నాలుగు మాటలు మనవి చేస్తున్నాను.

1955లో ఫజల్ అలీ కమిషన్ తన నివేదికలో తెలంగాణను అప్పటికి హైదరాబాదు రాష్ట్రంగా విడిగానే ఉంచమన్నది. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత ఆ శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో ఒప్పుకుంటే కలపవచ్చునన్నది. కానీ అంతవరకు ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రెండు ప్రాంతాల నాయకులు కూర్చున్నారు. అటు బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. ఇటు బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు.

తెలంగాణ నాయకులు గీసిన గీతలు స్పష్టమైనవే. మిగులు రాబడి ఇక్కడే ఖర్చు కావాలి. ఉద్యోగాలకు 12 ఏళ్ల నివాసం ఉండాలి. మంత్రివర్గంలో 60:40 వాటా ఉండాలి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతం వారు కావాలి. అన్నింటికీ అవతలి పక్షం ఒప్పుకున్నది. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మొదటి మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి పదవే లేదు!

లోపమెక్కడ? మన కాలపు కార్మికులకు 12(3) అంటే వివరించనక్కరలేదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద, లేబరు అధికారి సమక్షంలో కుదిరిన ఒప్పందం యాజమాన్యాన్నీ, సంతకం చేయని సంఘాల కార్మికుణ్ణీ, రేపు చేరబోయే బదిలీ ఫిల్లర్‌నూ కట్టిపడేసేది. ఉల్లంఘిస్తే శిక్ష కూడా ఉండేది. పెద్దమనుషుల ఒప్పందానికి అటువంటి కట్టు లేదు. మాట తప్పితే ఏమిటన్న పంక్తి ఆ కాగితంలో లేదు.

ఫలితం 1969లో కనిపించింది. రక్షణలు అమలు కావాలన్న ఆందోళన రాజుకున్నది మన బొగ్గుతో నడిచే కొత్తగూడెం థర్మల్ కేంద్రం దగ్గరే. 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు అనగానే అటువైపు జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973లో ఆరు సూత్రాలు, 1985లో 610 జీవో వచ్చాయి. ప్రతిసారీ రాజీ కుదరడం, అమలు జారిపోవడం.

చివరకు 2014 ఫిబ్రవరి 20న విభజన బిల్లును రాజ్యసభ ఆమోదించింది. ఒప్పందం కుదిరిన తేదీ కూడా అదే; మధ్యలో 58 ఏళ్లు. ఈసారి గీతలు చట్టంలోనే పడ్డాయి. హైదరాబాదు పదేళ్లకు మించకుండా ఉమ్మడి రాజధాని. సింగరేణిలో 51 శాతం తెలంగాణకు, 49 శాతం కేంద్రానికి. ఉన్న బొగ్గు లింకేజీలు యథాతథం. అంటే ఆంధ్ర కేంద్రాలకు మన బొగ్గు ఆగలేదు. 2011 సకల జనుల సమ్మెలో జీతాలు వదులుకున్న గని కార్మికుడికి ఆ 51 శాతం ఉత్త అంకె కాదు. అయితే చట్టమున్నా ఆస్తుల పంపకం పదేళ్లు దాటినా పూర్తిగా తెగలేదన్నదీ నిజమే.

ఈ చిక్కు మనకే పరిమితం కాదు. 2016లో యూరోపు కూటమి నుండి బయటికి రావాలని బ్రిటన్ ప్రజలు ఓటు వేశారు. ఉమ్మడి మార్కెట్టులో ఉండబోమని, ఐర్లండు సరిహద్దులో తనిఖీ గేట్లు పెట్టబోమని ప్రధాని తెరిసా మే రెండు గీతలు గీశారు. రెండూ పొసగలేదు. ఆమె తెచ్చిన ఒప్పందాన్ని పార్లమెంటు మూడుసార్లు తిప్పికొట్టింది. బ్రిటన్ బయటపడింది 2020 జనవరి 31న.

రాజీ పడడం తప్పు కాదు. రాజీ లేకుండా ఏ సమ్మె ముగిసింది? అయితే ఏది వదులుకోవచ్చు, ఏది వదలరాదు అన్నది బల్ల దగ్గర కూర్చోకముందే తేల్చుకోవాలి. అమలు చేసేదెవరు, తప్పితే అడిగేదెవరు అన్నది లేవకముందే రాయించాలి. సంఘాలలో పనిచేస్తున్న మన పిల్లలకు ఈ రెండు మాటలు చెప్పవలసిందిగా పెద్దలను కోరుతున్నాను.