బొజ్జా తారకం రాజీనామా

మొన్న క్లాసులో ఒక విద్యార్థి అడిగాడు: "సార్, ముందు ఉద్యోగమా, ఉద్యమమా?" నేను బొజ్జా తారకం గారి కథ చెప్పాను.

1985 జూలై 17. కారంచేడులో కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. బతికినవాళ్లు చీరాల చేరి శిబిరంలో తలదాచుకున్నారు. అప్పుడు తారకం గారు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది. అంటే సర్కారు తరఫున వాదించడమే ఆయన పని. తనవాళ్లను కాపాడలేని సర్కారు తరఫున ఏ నోటితో వాదించాలి? రాజీనామా ఇచ్చేశారు. సంస్కృతం లెక్చరర్ కత్తి పద్మారావు గారితో కలిసి దళిత మహాసభను నిలబెట్టారు. తారకం గారు అధ్యక్షులు, పద్మారావు గారు ప్రధాన కార్యదర్శి.

మిత్రులారా, ఒకటి గమనించండి. ఆయన పదవి వదిలారు గానీ నల్లకోటు వదల్లేదు. ఎమర్జెన్సీలో జైలు చూసిన మనిషి కాబట్టే 'పోలీసులు అరెస్టు చేస్తే' రాసి చట్టాన్ని మామూలు జనం చేతిలో పెట్టగలిగారు. 'కులం-వర్గం' రాసి, ఈ రెండింటినీ విడదీసి చూసేవాళ్లతో వాదానికి దిగారు. 2016లో కన్నుమూసే వరకూ ఆయన పేరు చెబితే బాధితులకు ధైర్యం.

ఆ విద్యార్థికి చెప్పిందే మీకూ చెబుతున్నా. ఉద్యోగం తెచ్చుకోండి. అది మనల్ని ఎవరి తరఫున మాట్లాడిస్తోందో మాత్రం రోజూ చూసుకోండి.

జై భీం.