బొంబాయి మజిలీ

జగిత్యాల జిల్లా గొల్లపల్లి మండలంలో గల్ఫ్ ముఖం చూడని ఇల్లు వెతకడం కష్టం. పెద్దోడు దుబాయి, నడిపోడు మస్కట్, చిన్నోడు దమ్మామ్ అని లెక్క అప్పజెబుతారు. అదే ఇండ్లల్లో ఆలుమగలు ఇద్దరూ కలిసి విమానం ఎక్కినవి ఎన్ని అని అడిగితే, మొన్నమొన్నటి దాకా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వలసల గురించి అప్పుల లెక్కల్లో, శవపేటికల లెక్కల్లో చాలామందే రాశారు. భార్యాభర్తలు ఎంత దూరం కలిసి పోయారు, ఎక్కడ విడిపోయారు అని చూసినవాళ్లు తక్కువ. చాలాకాలం ఆ హద్దు బొంబాయి.

బొంబాయితో ఈ ప్రాంతానిది కొత్త చుట్టరికం కాదు. ఆ నగరంలోని కామాటిపురాకు ఆ పేరు వచ్చింది నిజాం ఇలాకా నుంచి కట్టుబడి పనులకు పోయిన కామాటీల వల్లే. 18వ శతాబ్దం చివర్లో ఏడు దీవుల మధ్య సముద్రాన్ని పూడ్చి నగరాన్ని కలుపుతున్న రోజుల నుంచే వాళ్లు అక్కడ స్థిరపడ్డారు. పద్మశాలీలు షోలాపూర్‌కు, బొంబాయి మిల్లులకు, ఆ తర్వాత భీవండికి పోయారు. భీవండిలో పద్మానగర్ అనే పేటకు పోతే ఇప్పటికీ తెలుగు బోర్డులు కనిపిస్తాయి, తెలంగాణ మాట వినిపిస్తుంది. సిరిసిల్ల నుంచి అక్కడికి పోయినవాళ్లలో సంసారాలతో సహా కదిలినవాళ్లు చాలామంది. మొగడు సాంచాల (మరమగ్గాల) మీద పన్నెండు గంటల డ్యూటీ చేస్తే, భార్య ఇంట్లో కండెలు చుట్టేది. పిల్లలు అక్కడే మరాఠీ బడికో తెలుగు బడికో పోయేవాళ్లు. కష్టం కష్టమే అయినా, అది ఇద్దరూ కలిసి పడిన కష్టం.

గల్ఫ్ తోవ తెరుచుకున్నాక ఆ లెక్క మారింది.

1973లో చమురు ధరలు ఒక్కసారిగా ఎగబాకాక ఎడారి దేశాల్లో రోడ్లు, రేవులు, భవనాల పనులు మొదలయ్యాయి. కూలీలు కావాలి. ఇక్కడేమో వానను నమ్ముకున్న వ్యవసాయం, దొరల పెత్తనం. ఆ పెత్తనానికి ఎదురు తిరిగి 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. నెల తిరిగేసరికి సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఊర్లలో పోలీసు క్యాంపులు పడ్డాయి. కొడుకు ఊర్లో ఉంటే ఏ రాత్రి ఎవరు తలుపు కొడతారోనని భయపడ్డ తల్లిదండ్రులకు పాస్‌పోర్టు ఒక రక్షరేకు అయింది. గల్ఫ్ వలసకు కరువు ఒక్కటే కారణమని చెప్పేవాళ్లు ఈ భయాన్ని లెక్కలోకి తీసుకోరు.

అప్పట్లో గల్ఫ్‌కు గుమ్మం బొంబాయే. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ నడిపిన ‘ద్వారక’ ఓడ 1982 దాకా ఆ రేవు నుంచి మస్కట్, దుబాయి, బహ్రెయిన్, కువైట్ వైపు తిరిగింది. డెక్కు మీద పక్కలు పరుచుకుని పోయే కూలీలు దానికి ప్రధాన ప్రయాణికులు. తర్వాత విమానాలు వచ్చినా రేవు మారలేదు. ఏజెంట్లు అక్కడే, కాన్సులేట్లు అక్కడే, మెడికల్ పరీక్షలూ అక్కడే. 1983లో వలస చట్టం వచ్చాక చదువు తక్కువ ఉన్నవాళ్ల పాస్‌పోర్టుకు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు ముద్ర కూడా తోడైంది. ఆ ముద్ర కూలీని కాపాడడానికే పెట్టారు. ఆచరణలో అది ఏజెంటు చేతికి ఇంకో బేరం అందించింది. ముద్ర లేకుండానే ఎయిర్‌పోర్టు దాటించే పనికి ‘పుషింగ్’ అని పేరు, దానికో రేటు.

కోరుట్ల నుంచో జగిత్యాల నుంచో బస్సు ఎక్కి, లేదా నిజామాబాద్‌లో రైలు పట్టుకుని బొంబాయిలో దిగినవాడికి అక్కడ ఎన్ని రోజులు ఉండాలో తెలిసేది కాదు. ఏజెంటు చూపించిన ఒంటిగది ఖోలీలో పది పదిహేను మంది. మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే మీద మచ్చ కనబడితే కథ అక్కడికే ముగిసేది. పాసైతే వీసా స్టాంపింగ్ కోసం ఎదురుచూపు. ఊర్లో నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు ఆ ఖోలీలో కూర్చున్న రోజుల్లో కూడా పెరుగుతూనే ఉండేది. అయినా పోయినవాళ్ల జీవితంలో ‘తిరిగి చూసింది’ అంటూ ఉంటే అదే. గేట్‌వే ఆఫ్ ఇండియా ముందు ఫొటోగ్రాఫర్ తీసిన బొమ్మ, హాజీ అలీ, జుహూ బీచి, రాణీబాగ్ జూ. దుబాయిలో ఏళ్ల తరబడి పనిచేసి క్యాంపు, సైటు తప్ప మరొకటి చూడని మనిషి కూడా బొంబాయి వీధుల గురించి మాత్రం హుషారుగా చెబుతాడు. డబ్బున్నవాళ్లు దారిలో నాలుగు రోజులు ఆగితే దాన్ని విహారం అంటారు. వీళ్లది కూడా విహారమే, కాకపోతే మిత్తి కట్టి చేసింది.

ఏజెంటు పారిపోతే? బొంబాయి నుంచే వాపసు. సిగ్గుతో ఊరికి రాలేక భీవండి సాంచాల్లో చేరినవాళ్లూ ఉన్నారు.

ఊర్లో మిగిలిన భార్య చేతికి చాట వచ్చింది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ఊర్లలో గల్ఫ్ సొమ్ముతో సమంగా ఇండ్లు నిలబెట్టింది బీడీ. ముందురోజు రాత్రి తునికాకును నీళ్లలో తడిపి గుడ్డలో చుట్టి పెట్టాలి. తెల్లారి రేకు కొలత పెట్టి కత్తెరతో ఒక్కో ఆకును కత్తిరించాలి. చాటలోని తంబాకు చిటికెడు పోసి, వేళ్ల మధ్య చుట్టి, కొన మడిచి దారం కట్టాలి. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట, నలభై కట్టలు వెయ్యి. కూలి లెక్క వెయ్యికే. ఆకు బాగాలేదని, చుట్టు వదులైందని కార్ఖానాలో కొన్ని కట్టలు పక్కన పడేస్తే ఆ నష్టం ఆమెదే. గల్ఫ్ నుంచి మొదటి రెండేళ్లు వచ్చే డబ్బు మిత్తికే పోతుంటే, ఉప్పుకూ పప్పుకూ పిల్లల ఫీజుకూ ఆధారం ఈ కట్టలే. రెండేళ్లకో మూడేళ్లకో మొగడు వచ్చే నెలన్నర సెలవు తప్ప కాపురం అంతా ఫోన్‌లోనే. ఫోన్లు లేని రోజుల్లో ఉత్తరాల్లో, ఊరికి వచ్చేవాళ్లతో పంపే క్యాసెట్లలో.

భార్యను తోలుకపోవద్దని ఎవరూ చెప్పలేదు. జీతంతో చెప్పారు. యూఏఈలో 2019లో సడలించిన నియమం ప్రకారం చూసినా, కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే నెలకు 4,000 దిర్హమ్‌లు, లేదా 3,000 దిర్హమ్‌లతో పాటు ఇల్లు ఉండాలి. కువైట్ 2016లో ఆ హద్దును 450 దినార్లు చేసి, 2024లో 800కు పెంచింది. సౌదీ 2017 నుంచి ఒక్కో కుటుంబ సభ్యుడి మీద నెలకు 100 రియాళ్ల ఫీజు వేసి, 2020 నాటికి 400కు తీసుకుపోయింది. ఆ దెబ్బకు అప్పటికే కుటుంబాలతో ఉన్నవాళ్లు కూడా ఎందరో భార్యాపిల్లలను ఇంటికి పంపేశారు. మేస్త్రీ కింద పనిచేసే కూలీకి ఈ అంకెలు ఏనాడూ అందేవి కావు.

ఇదే కూలీ వలస ఇంకో కాలంలో ఇంకో తీరుగా నడిచింది. 19వ శతాబ్దంలో మద్రాసు వైపు రేవుల నుంచి మారిషస్‌కు, నటాల్‌కు, 20వ శతాబ్దం మొదట్లో ఫిజీకి తెలుగు కూలీలను మోసిన ఓడల్లో వంద మంది మగవాళ్లకు 40 మంది ఆడవాళ్లు ఉండాలని బ్రిటిష్ సర్కారు నిబంధన పెట్టింది. ఆడవాళ్ల ఖర్చు దండగని తోటల యజమానులు గొణిగినా పట్టుబట్టింది. కూలీ కుదురుకోవాలంటే సంసారం ఉండాలన్నది దాని లెక్క. మారిషస్‌లో తెలుగు ఇంటిపేర్లు మిగలడానికి ఆ లెక్కా ఒక కారణం. గల్ఫ్‌కు కావలసింది దీనికి సరిగ్గా ఎదురు: పని కాగానే తిరిగిపోయే మనిషి. కడప, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి పోయినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, మొగుళ్లు ఇక్కడ. జగిత్యాలలో కథ తిరగబడింది. రెండు చోట్లా వీసా మాత్రం ఒక్కరికే.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు కుటుంబాలు, ఒంటరి కూలీలు ఒకే దారిన పడ్డారు. బస్సుల్లో ఎడారి దాటి జోర్డాన్‌కు, అక్కడ గుడారాల్లో వంతు కోసం పడిగాపులు, అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానం. రెండు నెలల్లో లక్షా 70 వేల మందికి పైగా భారతీయులను తెచ్చారు. ఎక్కువ విమానాలు దిగింది మళ్లీ బొంబాయిలోనే.

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకున్నాక బొంబాయి మజిలీ పలచబడింది. అదే కాలంలో ఊర్లో ఇంకో తోవ పడింది. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007లో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది, మరుసటి ఏడాది నుంచి ఫీజు రీయింబర్స్‌మెంటు తోడైంది. తాపీ పట్టుకుని గల్ఫ్ పోయిన తండ్రుల కొడుకులూ బిడ్డలూ అమెరికాకు మాస్టర్స్ చదవడానికి పోయారు. ఉద్యోగం కుదిరాక వచ్చి పెళ్లి చేసుకుని, జంటగా తిరుగు ప్రయాణం. చాలామంది టికెట్లు దోహా మీదుగానో దుబాయి మీదుగానో ఉంటాయి. 2017 మే నుంచి, చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా లేదా గ్రీన్‌కార్డు ఉన్న భారతీయులకు యూఏఈ దిగిన చోటే వీసా ఇస్తోంది. తండ్రి ఖోలీలో రోజులు లెక్కపెట్టి, అప్పు చేసి సంపాదించిన ప్రవేశం కొడుకూ కోడలికీ కౌంటర్ దగ్గర నిమిషాల పని. రెండు రోజులు బుర్జ్ ఖలీఫా, డెజర్ట్ సఫారీ, దుబాయి మాల్. వీలైతే సోనాపూర్ క్యాంపులో ఉన్న చిన్నాయనను ఆదివారం పోయి కలవడం.

ఆ జంట డల్లాస్‌లో దిగాక వీసా నియమం మళ్లీ ఎదురవుతుంది. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాడి భార్యకు హెచ్-4 వస్తుంది, తోడుగా ఉండొచ్చు, పని చేయకూడదు. 2015 మే చివర్లో ఒక సడలింపు అమల్లోకి వచ్చింది. భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటితే భార్య వర్క్ పర్మిట్ అడగొచ్చు. అది చేతికి వచ్చేదాకా ఆమె ఇంజినీరింగ్ పట్టా సూట్‌కేసులోనే ఉంటుంది, జీతం తీసుకోవడానికి కావలసిన సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా ఇవ్వరు. గొల్లపల్లిలో బీడీలు చుట్టిన అత్తకు మాత్రం తన పేరు మీద పీఎఫ్ నంబరు ఉంది.