నవలానాయకుడు ఎవరి కల?

భవానీపురములో, కృష్ణ ఒడ్డుకు దగ్గరగా, మా బంధువుల ఇల్లు ఒకటి కలదు. మొన్న వేసవిలో ఆ యింటికి వెళ్ళినపుడు మేడమీది గదిలో జరిగిన ఒక చిన్న తగవును మేము వినవలసి వచ్చినది. పదునారేండ్ల మనుమరాలు జపాను దేశపు బొమ్మల కథ నొకదానిని చదువుచున్నది. పేరు 'హానా యోరీ డాంగో'. కామియో యోకో అను రచయిత్రి 1992లో మార్గరెట్ అను పత్రికలో ప్రారంభించిన ప్రేమకథ. సామాన్య కుటుంబపు పిల్ల కోటీశ్వరుల బడిలో చేరుట, అక్కడి సంపన్నులలోకెల్ల పొగరుబోతు కుమారుడు ఆమెను హింసించుట, ఆమె తిరుగబడుట, తుదకు వాడు ఆమెనే ప్రేమించుట, ఇది అందలి ఇతివృత్తము.

తల్లి కోపించినది. "ఎంతసేపూ డబ్బున్న కుర్రాడు, వాడి పొగరు, చివరికి ఈ పిల్ల వాణ్ణే చేసుకోవడం! ఆడపిల్లని ఇలా చూపించే కథ ఏం కథే?"

"నిజం కాదని నాకూ తెలుసమ్మా. తెలిసే చదువుతున్నాను" అన్నది కూతురు.

మూలనున్న అమ్మమ్మ ఏమియు అనలేదు. లేచి, ఇనుప పెట్టె తెఱచి, అట్ట వేయించిన ఒక లావుపాటి కుట్టు తెచ్చి మంచముపై పెట్టినది. జ్యోతి మాసపత్రిక పుటలను నెలనెల చింపి దాచి కుట్టించిన యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' అది. "మీ అమ్మ దీన్ని లెక్కల పుస్తకంలో పెట్టుకుని చదివేదమ్మా" అన్నది మనుమరాలితో. తల్లి నోట మాట లేదు.

ఆనాటి తగవు తెలుగు దేశమునకు క్రొత్తది కాదు. అరువదేండ్ల క్రిందట ఇదే కృష్ణాతీరమున, ఇంచుమించు ఇవే మాటలతో, పెద్ద వివాదముగా నడచినది. దాని చరిత్రము ఇంతవరకు ఎక్కువగా ఒకవైపువారి నోటనే వినబడినది గనుక రెండవవైపు కూడ కొంత చెప్పవలెనని మా ఉద్దేశము.

ఆ నవలలు పుట్టుటకు ముందు వానిని చదువువారు పుట్టవలెను గదా! విజయవాడలో రామమోహన గ్రంథాలయము 1911లో ఏర్పడినది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మొదటి మహాసభ ఈ పట్టణముననే జరిగినది. ఆనకట్ట నీటితో పండిన డెల్టా పల్లెలలో ఆడపిల్లలను బడికి పంపు కుటుంబములు క్రమముగా పెరిగినవి. అయినను 1961 జనాభా లెక్కలలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో అక్షరాస్యులు నూటికి సుమారు పన్నెండుగురే. ఆ పన్నెండుగురిలో బడి మాని ఇంటనున్న కోడళ్ళు, పెండ్లికి ఎదురుచూచుచున్న కన్యలు, క్రొత్తగా ఉద్యోగములకు పోవు పడుచులు కలరు. వారికి కాలక్షేపము కావలెను. అంతకంటె ముఖ్యముగా తమను గూర్చిన మాట కావలెను. సరిగా ఆ కాలముననే పత్రికలు విజయవాడకు చేరినవి. ఆంధ్రప్రభ 1959లో మద్రాసు విడిచి ఇటు వచ్చినది. 1960లో ఆంధ్రజ్యోతి ఇక్కడనే పుట్టినది. బందరున మొదలైన ఎమెస్కోవారు జేబు పుస్తకములు వేసి, ఇంటింటి గ్రంథాలయ పథకముతో నవలను ఇంటి గుమ్మము వరకు నడిపించినారు. ఏలూరు రోడ్డు పుస్తకముల అంగళ్ళ ముచ్చట విజయవాడవారికి చెప్పనక్కరలేదు. ఇక ప్రతి పేటలోను అద్దె పుస్తకముల బడ్డీలు. ఒక పుస్తకము ఒక యింటిలో నలుగురు చదివి మరునాటి సాయంకాలమునకు తిరిగి ఇచ్చెడివారు.

శరద్బాబు నవలలు అప్పటికే తెలుగునకు వచ్చి, ఆయన మనవాడే అన్నంతగా పాతుకొనిపోయినవి. మాట పడని ఆడుది, మనసు విప్పలేని మగవాడు, ఈ జంటను తెలుగు ఇల్లాండ్రు మొదట ఆయన పుస్తకములలోనే చూచినారు. ఆ పిమ్మట మన రచయిత్రులు కలము పట్టినారు. 1957–58లో 'తెలుగు స్వతంత్ర'లో డాక్టరు పి. శ్రీదేవిగారి 'కాలాతీత వ్యక్తులు' వెలువడినది. కోడూరి కౌసల్యాదేవిగారి 'చక్రభ్రమణం' ఆంధ్రప్రభ పోటీలో బహుమతి పొంది, 1964లో 'డాక్టర్ చక్రవర్తి' చలనచిత్రమైనది. 1960ల నడిమి కాలమున 'సెక్రటరీ' వచ్చినది. రచయిత్రి 1940లో కృష్ణా జిల్లా కాజ గ్రామమున జన్మించిన మన డెల్టా ఆడపడుచు. ఆ నవలతో మొదలైన వెల్లువ 'విజేత', 'జీవన తరంగాలు', 'మీనా' మొదలగు వానితో సాగి, 1970లలో తెరను కూడ ముంచెత్తినది. 1950 నుండి 1975 వరకు గల పాతికేండ్లను తెలుగు రచయిత్రులకు ఒక ప్రత్యేక యుగముగా గ్రహించి, అమెరికాలో నివసించుచున్న నిడదవోలు మాలతిగారు గ్రంథమే వ్రాసినారు.

వెల్లువతోపాటు వెక్కిరింత కూడ వచ్చినది. ఆరడుగుల పొడుగు, ఉంగరాల జుట్టు, పడవంత కారు, తోటలో మేడ, పెదవి విప్పని గాంభీర్యము: ఇదియే నవలానాయకుడని విమర్శకులు లెక్క కట్టినారు. ఈ కథలు పిల్లల మనసులు పాడుచేయుననియు, లేని రాజకుమారుని కొరకు ఉన్న సంబంధములను కాదనునట్లు చేయుననియు, వంట మాడిపోవుననియు అన్నారు. మేము చదువుకొన్న బడిలో ఒక ఆడపిల్ల చేతినుండి ఇట్టి నవలను లాగికొని తరగతి యెదుట చింపివేయుట మేము కన్నులార చూచినాము. అదే తరగతిలో మగపిల్లల సంచులలో డిటెక్టివు యుగంధరుని పుస్తకములు నిండియుండెడివి. వాని జోలికి ఎవ్వరును పోలేదు.

ఈ తేడాను గూర్చి కొంచెము ఆలోచింపవలెను. 1951లో 'పాతాళ భైరవి' వచ్చినది. తోటమాలి కొడుకు రాకుమార్తెను వలచి, మాంత్రికుని జయించి, మాయా మహలు కట్టించి ఆమెను చేపట్టినాడు. ఆంధ్రదేశమంతయు హర్షించినది, మేమును హర్షించినాము, నేటికిని హర్షింతుము. తోటరాముని చూచి తోటపనివాండ్ర మనసులు చెడునని అన్నవారు లేరు. బీద మగవాడు రాకుమార్తెను కోరినచో సాహసము, గుమాస్తా పడుచు రాజశేఖరమువంటి వానిని కోరినచో భ్రమయా? కోరిక రెండింటను ఒకటే. కోరినవారు వేరు.

మరి ఆ ఆరడుగుల వర్ణన యెందుకు? ఇక్కడనే విమర్శకులు గ్రహింపని సంగతి కలదని మా అభిప్రాయము. ఆ నాటి పెండ్లిచూపులను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. పిల్ల తల వంచుకొని చాపపై కూర్చుండును. ఎదుటివారు ఆమె రంగు, జుట్టు, నడక, పాట పరీక్షింతురు. ఆమె మాత్రము వరుని కాలివ్రేళ్ళు తప్ప ఏమియు చూడదు. తరువాత కట్నము మాట. వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చినది; దానిచేత డెల్టాలో బేరములు ఆగినవని చెప్పువారిని మేము ఇంతవరకు చూడలేదు. ఆ చాపపై తల వంచిన పిల్లయే నవల తెఱచినపుడు తల యెత్తినది. మగవాని ఎత్తు, కన్నులు, చొక్కా, మాటతీరు, అన్నియు తీరికగా చూచినది. నచ్చనిచో మొగముమీద చెప్పినది. కట్నము అడుగని వాడు తానై గుమ్మములోనికి వచ్చి, తప్పు ఒప్పుకొని, ఆమె మాటకై కాచుకొని నిలిచినాడు. ఇది తారుమారైన పెండ్లిచూపులు. మన ప్రబంధకవులు నాయికను నఖశిఖపర్యంతము శతాబ్దములపాటు వర్ణించినారు. పాతికేండ్లపాటు నాయకుని వర్ణించినంతనే లోకము నవ్వినది!

ప్రబంధముల మాట వచ్చినది గనుక వరూధినిని మరువరాదు. అల్లసాని పెద్దన మనుచరిత్రమున ఆమె హిమగిరిపై ప్రవరుని చూచి వలచినది. అతడు త్రోసిపుచ్చి వెళ్ళినాడు. అంతకు పూర్వము ఆమెచే తిరస్కరింపబడిన గంధర్వుడు ప్రవరుని రూపు ధరించి వచ్చి ఆమె కోరిక తీర్చినాడు. తెలుగు సాహిత్యమున కోరిక తీర్చు కల్పితనాయకునికి ఆ మాయాప్రవరునికంటె మించిన ఉదాహరణము లేదు. నవలానాయకుడును మాయాప్రవరుడే. భేదమొక్కటి: వరూధినికి మాయ తెలియదు, నవల చదివిన ఇల్లాలికి తెలియును. పుస్తకము మూసి, పొయ్యిమీది ఎసరు చూచుకొని, ఇంటి యజమాని రాగానే మంచినీళ్ళు అందించిన ఆమెకు అతడు రాజశేఖరము కాడని ఎవరు చెప్పవలెను? జానిస్ రాడ్వే అను అమెరికా పరిశోధకురాలు 1984లో ప్రకటించిన గ్రంథమున అక్కడి గృహిణులు ఇట్టిదే ఒక మాట చెప్పినారు. పుస్తకము చేతనున్నంత సేపు ఆ సమయము తమదనియు, ఇంటిల్లిపాది అక్కరలు తీర్చు పనినుండి తమకు దొరకిన విడుదల అనియు వారి భావము. భవానీపురమున మధ్యాహ్నము తలుపు చేరవేసికొని చదివిన అమ్మమ్మయు అదే చెప్పగలదు.

ఇంత చెప్పి, ఆ నవలలకు లోపము లేదని అనము. లోపము నాయకుని పొడవులో లేదు, నాయిక దారిలో ఉన్నది. 'సెక్రటరీ'లో జయంతి ఉద్యోగమునకు పోయినది, ఆత్మాభిమానమును కాపాడుకొన్నది, ధనికునికి ఎదురు చెప్పినది. అయినను ఆ కథకు ఉద్యోగము ఒక వసారా మాత్రమే. కథ చేరవలసిన గది పెండ్లి. తల యెత్తి చూచిన పిల్ల చూపు కూడ మేడలమీదనే వ్రాలినది, ప్రక్కింటి గుమాస్తా కుర్రవానిమీద వ్రాలలేదు. కులమును గూర్చి, నాయకుని ధనము ఎట్లు వచ్చెనో దానిని గూర్చి ప్రశ్నలు లేవు. ఇట్టి కథలలో ధైర్యముగా కోరిన రెండవ స్త్రీకి తరచుగా అవమానమో, అనారోగ్యమో ప్రాప్తించును. ఆ రెండవ స్త్రీని నడిమికి తెచ్చిన గ్రంథము ఈ వెల్లువకు ముందే ఉన్నది. 'కాలాతీత వ్యక్తులు'లో ఇందిర గుమాస్తా పని చేసి తండ్రిని పోషించును; తాను కోరిన ప్రకాశము పిరికివాడని తెలిసికొని, కృష్ణమూర్తిని అతని లోపములతో సహా, కన్నులు తెఱచుకొనియే స్వీకరించును. అందు పడవంత కారు లేదు. 1963లో ఆ నవల ఆధారముగా 'చదువుకున్న అమ్మాయిలు' తీసినపుడు ఇందిర అట్లే తెరకెక్కలేదు. ఆమెను చూచుటకు ప్రేక్షకులు సిద్ధముగా లేరని తీసినవారు తలచిరి కాబోలు.

రచయిత్రులందరు ఒక్క కలనే అమ్మినారనుటయు సరి కాదు. రంగనాయకమ్మగారు 'పేకమేడలు'లో పెండ్లి తరువాతి ఇంటిని చూపినారు. విజయవాడ ఆకాశవాణిలో పని చేసి, ఇంటింటి రేడియోలో తన గొంతు వినిపించిన తెన్నేటి లతగారు 'గాలిపడగలు–నీటిబుడగలు' నవలలో వేశ్యల బ్రతుకులను దాపరికము లేక వ్రాసి నిందలు మోసినారు. ఆడువారు కలలు వ్రాసిన చౌకబారు, నిజము వ్రాసిన అసభ్యము! ఇక మగవారు కొందరు ఆడుపేర్లు ధరించిన విచిత్రమును ఆ కాలమే చూచినది. ఆంధ్రజ్యోతి వారపత్రిక సంపాదకులు పురాణం సుబ్రహ్మణ్యశర్మగారు 'పురాణం సీత' అను పేర 'ఇల్లాలి ముచ్చట్లు' చమత్కారముగా నడిపినారు. ఆడుపేరుకు అంగడిలో అంత విలువ వచ్చినది.

జపానులో కథ కొంత వేరుగా నడచినది. అక్కడ బాలికల బొమ్మల కథలను మొదట ఎక్కువగా పురుషులే గీసినారు. తెజుకా ఒసాము 1953లో కత్తి పట్టిన రాకుమారిని సృష్టించినాడు. 1970ల ఆరంభమునకు ఆ రంగము ఆడువారి చేతికి వచ్చినది. ఇకెదా రియోకో 1972–73లో వెర్సాయి రాజభవనమును గూర్చి వ్రాసిన కథలో మగపిల్లవానివలె పెంచబడిన ఆస్కారు అను యువతి రాజరక్షకదళమును నడుపును. కోరిన వరుడు దొరకుట ఒక కల, తానే ఖడ్గము పట్టుట వేరొక కల. మన ధారావాహికలలో ఈ రెండవ కల బహు అరుదు. 1980లకు తెలుగు వారపత్రికల పాఠకులను యండమూరి 'తులసిదళం' వంటి ఉత్కంఠకథలు లాగికొనినవి. పిమ్మట దూరదర్శన ధారావాహికలు మధ్యాహ్నములను కూడ లాగికొనినవి. అద్దె బడ్డీలు మూతపడినవి.

ఆ సాయంకాలము భవానీపురమున మనుమరాలు బొమ్మల కథ ప్రక్కన పెట్టి, పసుపుపచ్చనైన ఆ కుట్టును తెఱచి చదువ మొదలిడినది. తల్లి చూచియు చూడనట్లు బట్టలు మడత పెట్టుచుండెను. రాత్రి భోజనముల వేళకు పిల్ల ఇక ఆగలేక చివరి పుటలు తిప్పి చూచినది.

"అమ్మమ్మా, పెళ్ళయ్యాక జయంతి ఉద్యోగం చేసిందా?"

అమ్మమ్మ కూతురివైపు చూచినది. కూతురు అమ్మవైపు చూచినది.

"కథ అక్కడే అయిపోయిందే" అన్నది తల్లి.