అడంగల్ గళ్ళు, అరచేతి తెర: సీమ భూమి లెక్కల నుంచి వెబ్ పేజీల మందగమనం దాకా

1800లో దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో కడప, బళ్ళారి ప్రాంతాలలో పొలం పొలాన్నీ కొలిపించాడు. 1839లో కర్నూలు కూడా కంపెనీ పాలనలోకి వచ్చింది. రైత్వారీ పద్ధతితో స్థిరపడిన గ్రామ లెక్కలలో అడంగల్ ముఖ్యమైనది. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు, నీటి ఆధారం, పైరు – ఈ గళ్ళన్నీ ఒకే వరుసలో అడ్డంగా సాగుతాయి. అది కరణం ముందు పరచుకొని రాసుకొనే వెడల్పాటి దస్త్రం. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినా గళ్ళు పోలేదు. 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మీ భూమి’ పేరుతో అడంగల్, 1-బి వివరాలను ఇంటర్నెట్‌లో పెట్టింది. వాన మీద ఆధారపడిన పత్తికొండ, రాయచోటి రైతుకు పంట రుణం కోసం కావలసిన వివరం ఇదే. అతని చేతిలో ఉన్నది మాత్రం నాలుగు వేళ్ళ వెడల్పు తెర.

వెడల్పు పేజీని ఇరుకు తెరకు ఒదిగించడం ప్రపంచమంతటా ఎదురైన సమస్య. ఈథన్ మార్కాట్ 2010 మేలో దీనికొక మార్గం చూపాడు: సాగే గళ్ళు, సాగే బొమ్మలు, తెర కొలతను బట్టి మారే నియమాలు. పేజీ ఒదిగింది గాని బరువు తగ్గలేదు. పెద్ద తెరకు చేసిన బొమ్మే ఫోనుకు వచ్చి, అక్కడ కుదించుకొనేది. కనబడకుండా దాచిన గళ్ళు కూడా మొత్తంగా దిగుమతి అవుతూనే ఉన్నాయి. పైగా, గళ్ళ వెడల్పులు ముందుగా నిర్ణయించని పట్టికలో బ్రౌజరు ప్రతి గడిలోని మాటనూ కొలిచి చూసుకోవాలి. వరుసలు పెరిగేకొద్దీ చవక ఫోను ప్రాసెసరుకు అది భారమే.

తెలుగుకు మరో బరువు ఉంది. తొలి ఫోన్లలో తెలుగు అక్షరాలకు బదులు డబ్బాలు కనిపించేవి. ఒపెరా మినీ వాడేవారు సెట్టింగులలో బిట్‌మ్యాప్ ఫాంట్లను ఎంచుకొనేవారు. అప్పుడు సర్వరు అక్షరాలను బొమ్మలుగా మార్చి పంపేది. చదవడానికి వీలయ్యేది, డేటా ఖర్చు పెరిగేది. తరువాత వచ్చిన వెబ్ ఫాంట్లలో గుణింతాలకూ వత్తులకూ వేర్వేరు ఆకృతులు కావాలి గనుక, ఫైలు రోమన్ ఫాంటు కంటే సాధారణంగా పెద్దది. కడప జిల్లా కమలాపురం దగ్గరి కోకటను అగ్రహారంగా పొందిన అల్లసాని పెద్దన పేరిట కూడా ఒక ఫాంటు ఉంది. కవి పేరు ఎంత ఘనమైనా, ఫైలు దిగేదాకా తెర తెల్లగానే ఉండవచ్చు.

ఈ మందగమనానికి కారణం సిగ్నలేనని సరిపెట్టుకోవడం అలవాటైంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఆ వాదన బలహీనపడింది. తయారీదారులు కంప్యూటరులో కిటికీని కుదించి చూసి, అంతా బాగుందనుకోవడం అసలు పొరపాటు. అక్కడ తెర వెడల్పు ఒక్కటే ఫోనును పోలి ఉంటుంది, ప్రాసెసరు కంప్యూటరుదే. లక్షణాలను విడదీసి చూస్తేనే కారణం బయటపడుతుంది. అన్ని తెరల మీదా ఒకేలా ఆలస్యమైతే సర్వరునో నెట్‌వర్కునో అనుమానించాలి. గీతలు కనిపించి అక్షరాలు రాకపోతే ఫాంటును చూడాలి. అంతా కనిపించాక కూడా వేలికి స్పందించకపోతే స్క్రిప్టునో పట్టికనో పరీక్షించాలి. కొలమానాలు కూడా ఆలస్యంగానే ఇటు తిరిగాయి: గూగుల్ 2020లో ప్రకటించిన వెబ్ ప్రమాణాలలో తొలి తాకిడికి పట్టే ఆలస్యమే లెక్క. పేజీ వాడుతున్నంతసేపూ ప్రతి తాకిడి తరువాత తెర మారడానికి పట్టే కాలం 2024 మార్చిలో గాని దాని స్థానంలోకి రాలేదు.