స్టాపేజ్ టైమ్: 90 నిమిషాలు దాటాక లెక్క ఎవరిది?

2019 జనవరి 14న షార్జాలో బహ్రెయిన్‌తో జరిగిన మ్యాచ్‌ను డ్రా చేసుకుని ఉంటే భారత ఫుట్‌బాల్ జట్టు ఆసియా కప్ నాకౌట్ దశకు చేరేది. నిర్ణీత 90 నిమిషాలు ముగిసేసరికి ఇరు జట్లూ గోల్ చేయలేదు. ఇంజురీ టైమ్ ఆరంభంలో లభించిన పెనాల్టీని జమాల్ రషీద్ గోల్‌గా మలచడంతో భారత్ ఇంటిముఖం పట్టింది. 90 దాటిన తర్వాతి నిమిషాల విలువ ఎంతటిదో చెప్పడానికి ఆ ఒక్క మ్యాచ్ చాలు. ఇంత విలువైన సమయాన్ని లెక్కించే పద్ధతి మాత్రం నేటికీ చాలావరకు రిఫరీ విచక్షణపైనే ఆధారపడి ఉంది.

ఫుట్‌బాల్ ఆట నియమాలలో ఏడవది మ్యాచ్ వ్యవధికి సంబంధించినది. ఆటగాళ్ల మార్పిడి, గాయాలు, ఉద్దేశపూర్వక కాలయాపన, క్రమశిక్షణ చర్యలు, నీటి విరామాలు, వీడియో సమీక్షలు, గోల్ సంబరాలు తదితర కారణాలతో వృథా అయిన కాలాన్ని ప్రతి అర్ధభాగం చివర కలపాలని అది నిర్దేశిస్తోంది. నాకౌట్ మ్యాచ్‌లలో స్కోరు సమమైనప్పుడు ఆడించే 30 నిమిషాల అదనపు సమయం వేరు, ఇది వేరు. కారణాల జాబితా స్పష్టంగానే ఉంది. కానీ ఒక్కో కారణానికి ఎంత సమయం కలపాలనే కొలమానం అందులో లేదు. సమస్య అంతా అక్కడే మొదలవుతుంది.

నాలుగో అధికారి బోర్డుపై చూపే అంకె కూడా కనీస సమయమే. రిఫరీ దానిని పెంచవచ్చు, తగ్గించకూడదు. 2009 సెప్టెంబరులో మాంచెస్టర్ సిటీతో జరిగిన మ్యాచ్‌లో నాలుగు నిమిషాలు ప్రకటించగా, యునైటెడ్ ఆటగాడు మైకేల్ ఓవెన్ 96వ నిమిషంలో విజయపు గోల్ చేశాడు. సిటీ అభిమానుల ఆగ్రహం సహజమే అయినా, నియమం ప్రకారం అందులో లోపం లేదు. ప్రకటించిన ఇంజురీ టైమ్‌లోనూ ఆట ఆగితే ఆ కాలాన్నీ కలపవలసిందే. నాటి మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ పేరిట ‘ఫెర్గీ టైమ్’ అన్న ఎత్తిపొడుపు మాట ఇంగ్లండ్‌లో స్థిరపడిపోయింది.

ఈ అనుమానం అభిమానుల ఊహ మాత్రమేనా? స్పెయిన్ లీగ్ మ్యాచ్‌లను పరిశీలించిన ఆర్థికవేత్తలు లూయిస్ గారికానో, ఇగ్నాసియో పలాసియోస్-హుయెర్టా, కానిస్ ప్రెండర్‌గాస్ట్ 2005లో ప్రచురించిన అధ్యయనం కాదనే తేల్చింది. స్వల్ప తేడాతో సాగే పోటీలలో ఆతిథ్య జట్టు ఆధిక్యంలో ఉంటే రిఫరీలు తక్కువ సమయం, వెనకబడి ఉంటే ఎక్కువ సమయం కలుపుతున్నట్లు వారు గుర్తించారు. ఫలితం ముందే తేలిపోయిన మ్యాచ్‌లలో ఈ ధోరణి కనిపించలేదు. ఇది లంచం వ్యవహారం కాదు. స్టేడియంలోని వేలాది గొంతుల ఒత్తిడికి, తెలిసో తెలియకో, రిఫరీ లొంగడమే కారణమని వారి నిర్ధారణ. నిజాయితీ గల మనిషి కూడా తడబడే చోట కొలమానం లేకపోవడం నియమానిదే లోపమని చెప్పక తప్పదు.

ఆట ఎప్పుడు ముగించాలన్నదీ ఇంతే. పెనాల్టీ కిక్‌ను మాత్రం సమయం మించినా పూర్తి చేయించాలి. మిగతా దాడుల విషయంలో అలాంటి రక్షణ లేదు. 1978 ప్రపంచకప్‌లో స్వీడన్‌పై బ్రెజిల్ ఆటగాడు జికో కార్నర్‌ను తలతో గోల్‌లోకి పంపాడు. అయితే బంతి గాలిలో ఉండగానే సమయం ముగిసిందంటూ వేల్స్ రిఫరీ క్లైవ్ థామస్ విజిల్ వేశాడు. మ్యాచ్ 1-1తో డ్రా అయింది. 2022 జనవరిలో ఆఫ్రికా కప్‌లో మాలి, ట్యునీషియా మ్యాచ్‌ను జాంబియా రిఫరీ జానీ సికాజ్వే మొదట 85వ నిమిషంలోనూ, తిరిగి ఆడించాక 90 పూర్తికాకముందే మరోసారీ ముగించడం అంతకంటే విడ్డూరం.

2022 ఖతార్ ప్రపంచకప్‌లో ఫిఫా ఈ ఉదారతకు స్వస్తి పలకదలచింది. పోయిన కాలాన్ని కచ్చితంగా లెక్కించాలని రిఫరీల కమిటీ అధిపతి పియర్లుయిజీ కొలీనా ఆదేశించారు. ఇంగ్లండ్, ఇరాన్ మ్యాచ్ ప్రథమార్ధంలోనే 14 నిమిషాలు కలిపారు. ఇరాన్ గోల్ కీపర్ తలకు తగిలిన గాయం అందుకు ప్రధాన కారణం. క్వార్టర్ ఫైనల్లో అర్జెంటీనాపై నెదర్లాండ్స్ ఆటగాడు వౌట్ వెగోర్స్ట్ స్కోరు సమం చేసింది ఇంజురీ టైమ్ 11వ నిమిషంలో.

ప్రీమియర్ లీగ్ 2023-24లో ఇదే బాట పట్టింది. ఆటగాళ్లపై భారం పెరుగుతోందని రఫేల్ వరానె బహిరంగంగా అభ్యంతరం తెలిపాడు. ఐరోపా సమాఖ్య యూఈఎఫ్ఏ తరఫున జ్వోనిమిర్ బొబాన్ ఈ పద్ధతిని తోసిపుచ్చారు. మరుసటి సీజన్లో ప్రీమియర్ లీగే కొంత వెనక్కి తగ్గి, గోల్ సంబరాలలో మొదటి 30 సెకన్లను లెక్కలోకి తీసుకోవడం మానేసింది. ఒకే నియమం కింద, ఒకే రకమైన ఆలస్యానికి, టోర్నీని బట్టి వేర్వేరు పరిహారం లభించడం విచిత్రం. రెండు వేదికలపైనా ఆడే జట్లకు ఇది మరీ ఇబ్బంది.

గడియారాన్ని ఆపడమే పరిష్కారమన్న వాదన పాతదే. ఫుట్సాల్‌లో 20 నిమిషాల చొప్పున రెండు అర్ధభాగాలు అలాగే సాగుతాయి. హాకీలోనూ పెనాల్టీ కార్నర్ ఇచ్చినప్పుడు గడియారం ఆగుతుంది. బంతి ఆటలో ఉన్న కాలాన్నే లెక్కిస్తూ 30 నిమిషాల చొప్పున రెండు అర్ధభాగాలు ఆడించే ఆలోచనను నియమాల రూపకర్త అంతర్జాతీయ ఫుట్‌బాల్ అసోసియేషన్ బోర్డు 2017లో చర్చకు పెట్టినా, ఆమోదించలేదు. బదులుగా కాలయాపన మూలాలపై దృష్టి పెట్టింది. గోల్ కీపర్ ఎనిమిది సెకన్లకు మించి బంతిని చేతుల్లో ఉంచుకుంటే ప్రత్యర్థికి కార్నర్ ఇచ్చే నిబంధన 2025-26 సీజన్ నుంచి అమలులోకి వచ్చింది. బోర్డుపై కనిపించే అంకెలో ఏ ఆలస్యానికి ఎన్ని సెకన్లు కలిపారో ప్రేక్షకులకు వెల్లడించాలన్న నిబంధన మాత్రం ఏడవ నియమంలో లేదు.