గెలాక్సీ గుచ్ఛాల్లో వేడి వాయువు: ఎక్స్-కిరణ పరిశీలన చరిత్ర

గెలాక్సీ గుచ్ఛంలోని సాధారణ పదార్థంలో అధికభాగం గెలాక్సీల్లో లేదు, వాటి నడుమ పరచుకున్న వాయువులో ఉంది. కోటి నుంచి పది కోట్ల డిగ్రీల వేడిలో ఉండే ఈ పలచని వాయువు ఎక్స్-కిరణాలను వెదజల్లుతుంది. వాటిని భూవాతావరణం అడ్డుకుంటుంది కాబట్టి ఈ వాయువును చూడాలంటే పైకి వెళ్లక తప్పదు.

1970 డిసెంబరులో కెన్యా తీరం నుంచి ఎగిరిన ఉహురు ఉపగ్రహం కోమా, పర్సియస్, కన్య గుచ్ఛాల్లో విశాలంగా పరుచుకున్న ఎక్స్-కిరణ వెలుగును గుర్తించింది. ఆ వెలుగు వేడి వాయువుదేనా అన్న సందేహాన్ని 1976లో ఏరియల్-5 తీర్చింది: పర్సియస్ వర్ణపటంలో వేడి వాయువు వెలువరించే ఇనుము రేఖ దొరికింది. అదే ఏడాది కవలియెరె, ఫుస్కో-ఫెమియానో ఒక నమూనా ప్రతిపాదించారు. మధ్యలో చిక్కగా ఉండే వాయువు అంచులకు పోయేకొద్దీ ఎగుడుదిగుడు లేకుండా పలచబడుతుందన్నది దాని సారం. అప్పటి పరికరాల మసక చూపుకు అది చాలినంత బాగానే సరిపోయింది.

ఈ నునుపును మొదట చెరిపింది పర్సియసే. 1993లో రోశాట్ ఉపగ్రహ చిత్రాల్లో దాని నడిమి గెలాక్సీ చుట్టూ వాయువు లేని డొల్లలు కనిపించాయి. ఆ గెలాక్సీ మధ్యలోని కృష్ణబిలం నుంచి దూసుకొచ్చిన ధారలు వాయువును పక్కకు నెట్టేశాయి. 1999లో ఖగోళ శాస్త్రవేత్త చంద్రశేఖర్ పేరిట ఎగిరిన చంద్రా దుర్భిణి అక్కడే అలలను, అబెల్ 2142లో పదునైన చల్లని సరిహద్దులను, బుల్లెట్ గుచ్ఛంలో విల్లులా వంగిన షాక్ తరంగాన్ని చూపింది.

ఈ హెచ్చుతగ్గులను పట్టించుకోకపోతే లెక్క తప్పుతుంది. వెలుగు సాంద్రత వర్గాన్ని అనుసరిస్తుంది. సాంద్రత రెట్టింపైతే వెలుగు నాలుగు రెట్లు. వాయువు ముద్దలుగా ఉంటే ఉన్నదానికన్నా ఎక్కువ ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. 2011లో సుజాకు ఉపగ్రహంతో పర్సియస్ అంచులను కొలిస్తే మొత్తం ద్రవ్యరాశిలో వాయువు వాటా విశ్వ సగటును మించిపోయింది. పరిశోధకులు దానికి చెప్పిన కారణం ఈ ముద్దలే.

పొరపాటుకు తావిచ్చే ఆ హెచ్చుతగ్గులే ఆధారంగానూ పనికొచ్చాయి. 2014లో జురావ్లేవా బృందం పర్సియస్, కన్య గుచ్ఛాల వెలుగులోని తేడాల నుంచి వాయువు సుడుల వేగాన్ని అంచనా కట్టింది. మధ్యభాగం చల్లారిపోకుండా ఆపడానికి ఆ కదలిక ఇచ్చే వేడి చాలునని తేల్చింది. వేగాన్ని నేరుగా కొలిచే అవకాశం 2016లో హిటోమి ఉపగ్రహానికి దక్కింది. ఫిబ్రవరిలో ఎగిరి మార్చిలోనే మూగబోయినా, పర్సియస్ మధ్యభాగంలో సెకనుకు 164 కి.మీ. సుడుల వేగాన్ని నమోదు చేసింది. సుడుల ఒత్తిడి వేడి వల్ల కలిగే ఒత్తిడిలో 4 శాతమే. అంత కల్లోలంగా కనిపించే చోట ఇంత నెమ్మది ఆశ్చర్యకరమే. అదే తరహా పరికరంతో ఎక్స్‌రిజమ్ 2023 సెప్టెంబరులో కక్ష్యకు చేరి, ఇతర గుచ్ఛాల్లోనూ వాయువు వేగాలను కొలుస్తోంది.